ఏటి కెదురీదించిన గురువు

ఏటేట వేసవి సెలవులు వచ్చుచున్నవి. ఏటేట మన ఉత్తరాంధ్ర సీమలో ఏ చెరువు గట్టుననో, ఏ యేటి రేవుననో యొక తల్లి గుండెలు బాదుకొనుచు కూలబడుచున్నది. మరునాడు పత్రికలో నాలుగు పంక్తుల వార్త పడును. మూడవనాడు లోకము దానిని మరచిపోవును. వేగావతి యొడ్డున సాలూరు, నాగావళి యొడ్డున శ్రీకాకుళము, ఊరూర చెరువు, పొలము వెంబడి కాలువ: మన బ్రదుకంతయు నీటిని పెనవేసికొనియే యున్నది. అయినను మన బిడ్డలలో ఈత వచ్చినవారెందరు? వచ్చిన ఆ కొందరికి నేర్పినవారెవరు?

న్యాయవాద వృత్తిలో నుండుటచే, నీట మునిగి చనిపోయినవారి శవపంచాయతీ కాగితములను చదువవలసిన యగత్యము మాకు పలుమారులు కలిగినది. ఆ కాగితముల భాష ఎల్లప్పుడును ఒక్కటియే. స్నానమునకు దిగెను, లోతు తెలియలేదు, ఈత రాదు, ప్రమాదవశమున మరణించెను. చనిపోయిన బాలుని పేరు అందుండును, వయస్సుండును, తండ్రి పేరుండును, పంచాయతుదారుల చేవ్రాళ్లుండును. ఈత రాదు అను రెండు మాటలకు బాధ్యులెవరో మాత్రము ఏ కాగితమునందును కానరాదు. చట్టము దృష్టిలో ఆ నేరమునకు ముద్దాయి లేడు. మా దృష్టిలో కలడు. పెద్దలమైన మనమందరమును ఆ ముద్దాయిలమే.

ఇది మన యొక్క తాలూకా గోడు మాత్రమే కాదు. భారతదేశమున ఏటేట 30,000లకు పైగా జనులు నీట మునిగి చనిపోవుచున్నారని ప్రభుత్వపు లెక్కలే చెప్పుచున్నవి. 2021వ సంవత్సరమున ప్రపంచమంతటను ఇట్లు గతించినవారు 3 లక్షలని ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్కకట్టినది. ఆ యేటనే ఐక్యరాజ్యసమితి జూలై 25వ తేదీని జలమరణ నివారణ దినముగ ప్రకటించినది. దినమును ప్రకటించుట మంచిదే. కాని దినములు ఈత నేర్పవు. ఈతను మనుష్యుడే మనుష్యునకు నేర్పవలయును.

ఈ మాట ఎత్తినప్పుడెల్ల మన పట్టణములలోని పెద్దమనుష్యులు ఒక్కటే ప్రత్యుత్తరము చెప్పుచున్నారు: మనకు ఈతకొలను లేదు గదా! అర్జీలు వ్రాయుదురు. నాయకులకు నివేదించుకొందురు. కొన్ని తావుల కొలను వచ్చును, పలకరాళ్లు పరచుదురు, ప్రారంభోత్సవము జరుగును. రెండేండ్లకు మోటారు చెడును, నీరు పచ్చబడును, ద్వారమునకు తాళము పడును. కొలనును అడిగినవారిలో దానిలో నేర్పు గురువును గూర్చి యడిగినవాడు ఒక్కడు నుండడు. మేము నేడు చెప్పదలచినది ఇంతమాత్రమే: ముందు కావలసినది కొలను కాదు, గురువు. దీనికి తార్కాణముగ ఒక బడిపంతులు జీవితమును పాఠకుల యెదుట నుంచుచున్నాము.

పసిఫిక్ మహాసముద్రపు నడుమ హవాయి ద్వీపములు కలవు. అవి యొకప్పుడు స్వతంత్ర రాజ్యము. 1893లో అచటి రాణిని గద్దె దింపిరి. 1898లో అమెరికా ఆ ద్వీపములను తనలో కలుపుకొనెను. భూమి చెరకుతోటల దొరలది. చెమట జపాను, చైనా, ఫిలిప్పీనుల నుండి వచ్చిన కూలీలది. మన విశాఖపట్టణము, గంజాము సీమల నుండి మారిషసు, నాటాలు చెరకుతోటలకు ఓడలెక్కి పోయిన మనవారి గాథ నెరిగిన తెలుగువారికి ఈ కథను విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ ద్వీపములలో మౌయీ యొకటి. అందు పువునేనే అను చెరకుతోటల పల్లె. ఆ పల్లె బడిలో సోయిచి సకమోటో యను నుపాధ్యాయుడుండెను. 1906లో పుట్టినవాడు, జపాను నుండి వలసవచ్చిన కుటుంబమువాడు. కూలీల పిల్లలు ఎండ బాధకు తాళలేక తోటల నడుమ పారు సాగునీటి కాలువలలో దిగి యాడుకొనెడివారు. తోట కావలివారు వారిని తరిమెడివారు. కాలువ చెరకునకు గాని కూలివాని బిడ్డకు గాదు! సకమోటో తోట అధికారుల యొద్దకు పోయెను. ఈ పిల్లల పూచీ నాది, నేను గట్టున నిలిచి కనిపెట్టుకొని యుందునని మాట యిచ్చి అనుమతి సంపాదించెను. ఆయన జీవితకార్యమంతయు ఆ పూచీతో నారంభమైనది.

ఇందలి విశేషమేమనగా, సకమోటో స్వయముగ గొప్ప యీతగాడు కాడు. ఏ పోటీలోను పేరు పొందినవాడు కాడు. పిల్లలను కనిపెట్టి చూచుచు, తానును నేర్చుకొనుచు వారికి నేర్పెను. కాలువ ఇరుకైనది, లోతు రొమ్ముబంటి కంటె మించదు, కాని ప్రవాహపు వడి కలదు. లోపమని యితరులు తలచినదానినే ఆయన సాధనముగ మార్చుకొనెను. పిల్లలను ప్రవాహమునకు ఎదురుగ నీదించెను. నిలుకడ నీటిలో ఈదువాడు అలసిన చోట ఆగవచ్చును. ఎదురీదువాడు ఆగినచో వెనుకకు కొట్టుకొనిపోవును. చేయి తప్పుగ వేసినను, కాలు సోమరిగ నాడించినను ఆ క్షణముననే నీరు శిక్ష విధించును. ఏటికెదురీత యని మనము సామెతగ వాడు మాటను ఆ పంతులు పాఠ్యక్రమముగ చేసెను. పిమ్మట తోట కంపెనీవారి కొలనులో సాధన చేయుటకును అవకాశము కలిగెను. ముందు గురువు, తరువాత కొలను: వరుస యిట్లున్నదని పాఠకులు గమనింతురు గాక.

1937లో ఆయన ఒక సాహసము చేసెను. 1940వ సంవత్సరపు ఒలింపిక్ క్రీడలు టోకియో నగరమున జరుగునని యప్పటికే నిర్ణయమైయుండెను. మూడేండ్ల గడువులో ఈ కాలువ పిల్లలను ఆ క్రీడలకు సిద్ధపరతునని సంకల్పించి, తన సంఘమునకు మూడేండ్ల ఈతసంఘమని పేరు పెట్టెను. విన్నవారు నవ్వి యుందురు. కూలివాడలలో పుట్టి, వట్టికాళ్లతో తిరుగు పిల్లలెక్కడ, ఒలింపిక్ పందెములెక్కడ! కాని రెండేండ్లకే, 1939లో, ఆ సంఘము సముద్రము దాటి డెట్రాయిట్ నగరమునకు పోయి, అమెరికా జాతీయ పోటీలలో సంఘములకిచ్చు ప్రథమస్థానమును గెలుచుకొనెను. 1940లోను, 1941లోను మరల గెలిచెను. కియోషి నకామా, తకాషి హిరోసే అను యువకుల పేర్లు దేశమంతట మ్రోగెను. ఫుజికో కట్సుటాని యను బాలిక స్త్రీల ఈతలో జాతీయ విజేత యయ్యెను. ఆడపిల్లకు ఈతయేల యను ప్రశ్న ఆ కాలువగట్టున పుట్టనేలేదు.

ఇక విధి చేసిన పని వినుడు. చైనాపై యుద్ధమున మునిగియున్న జపాను 1938లో ఒలింపిక్ క్రీడలను వదలుకొనెను. అవి హెల్సింకీకి మారెను. యూరపున యుద్ధము రేగుటచే అచటను జరుగలేదు. 1944లోని క్రీడలును యుద్ధాగ్నికే ఆహుతియయ్యెను. మూడేండ్ల కొరకు కూడబెట్టిన బలమునకు ముంగిట ద్వారము మూయబడినది. 1941 డిసెంబరు 7వ తేదీన జపాను విమానములు హవాయిలోని పెర్ల్ హార్బరుపై దాడి చేసిన పిదప, జపాను సంతతివారందరును అనుమానమునకు పాత్రులైరి. నిన్న పతకములు తెచ్చినవాడు నేడు శత్రుజాతివాడయ్యెను! అయినను హిరోసే వంటివారు అమెరికా సైన్యమున చేరి యూరపు రణరంగమున పోరాడిరి.

గురువు గట్టు వదలలేదు. తనయొద్ద శిక్షణ పొందుటకై హొనొలులు నుండి వచ్చిన బిల్ స్మిత్ అను యువకుని ఆయన తీర్చిదిద్దెను. 1948లో లండనున ఒలింపిక్ క్రీడలు మరల జరిగినప్పుడు, బిల్ స్మిత్ 400 మీటర్ల ఈతలో ఒకటియు, జట్టు పందెమున నింకొకటియు, రెండు స్వర్ణపతకములు గెలిచెను. మూడేండ్ల సంకల్పము పదునొకండేండ్లకు ఫలించినది. నకామా 1961లో, నలువది యేండ్లు దాటిన వయస్సున, మొలొకాయి ద్వీపమునుండి ఓవాహు ద్వీపము వరకు సముద్రమును ఈది దాటెను. కాలువలో నేర్చిన యెదురీత కడలిలోను తోడు వచ్చినది! సకమోటో యుద్ధానంతరము హవాయి విశ్వవిద్యాలయమున ఈత నేర్పెను. 1966లో అంతర్జాతీయ ఈతగాండ్ర కీర్తిమందిరమున ఆయన పేరు చేర్చబడెను. 1997లో, తొంబదియేండ్లు నిండిన పిదప, కాలధర్మము నొందెను.

ఈ జీవితమున మనము పతకములను లెక్కింపవచ్చును. కాని పతకములకంటె పెద్ద లెక్క యొకటి కలదు. గురువు ఎంత ఎత్తునకు శిష్యుని తీసికొనిపోయెనను ప్రశ్నకు ముందు, ఎంత లోతునుండి శిష్యుని తెచ్చెనను ప్రశ్నను అడుగవలయును. మన దేశమున క్రీడాగురువులకు 1985 నుండి ద్రోణాచార్యుని పేర బిరుదునిచ్చుచున్నారు. సత్పురుషులెందరో దానిని పొందిరి. అయినను ఆ పేరు వినినప్పుడెల్ల మా మనస్సున ఒక ముల్లు గ్రుచ్చుకొనును. ద్రోణుడు రాజకుమారులకు గురువు. అడవినుండి వచ్చిన ఏకలవ్యుని త్రిప్పిపంపెను. ఆ బాలుడు తనంత నేర్చుకొనగా బొటనవ్రేలు పుచ్చుకొనెను. సకమోటో కథ దీనికి తలక్రిందులు. ఏకలవ్యుల వాడకు తానే నడచిపోయిన గురువు ఆయన. జాతాపులు, సవరలు, కొండదొరలు, గదబలు నివసించు మన్యపు ముఖద్వారమున నున్న సాలూరువారికి ఈ భేదమెంత ముఖ్యమో వేరుగ చెప్పవలెనా?

మన సీమ గురువులకు గొడ్డువోయినది గాదు. వీరఘట్టమున పుట్టిన కోడి రామమూర్తి నాయుడు, జగమెరిగిన మల్లుడగుటకు ముందు, విజయనగరమున వ్యాయామోపాధ్యాయుడు. ఆముదాలవలసలో నీలంశెట్టి అప్పన్నయను గురువు పల్లెపిల్లలచేత బరువులెత్తించెను. ఆయన దిద్దిన కరణం మల్లీశ్వరి 2000వ సంవత్సరమున సిడ్నీలో కాంస్యపతకము గెలిచి, ఒలింపిక్ పతకము నొందిన తొలి భారతీయ మహిళయయ్యెను. అచట పాలరాతి మందిరమున్నదా? లేదు. ఇనుపకడ్డీలుండెను, ఒక గురువుండెను. బరువులెత్తుటకు సాధ్యమైనది ఈతకేల సాధ్యము కాదు?

జలవిద్య మన జాతికి క్రొత్తయుగాదు. స్వాతంత్ర్యము వచ్చిన నాలుగేండ్లకే, 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో, సచిన్ నాగ్ 100 మీటర్ల ఈతలో స్వర్ణము గెలిచెను; కె.పి. థక్కర్ నీట దుముకు పోటీలలో రెండు స్వర్ణములు గెలిచెను. వాటర్ పోలోలోను స్వర్ణము మనదే. అట్టి యారంభము జరిగిన దేశమునకు 2024వ సంవత్సరపు పారిస్ క్రీడల వరకు ఈతలో ఒక్క ఒలింపిక్ పతకమైనను రాలేదు. కారణము దేహబలము గాదు. నీటికిని బిడ్డకును నడుమ మనము కట్టిన గోడలే కారణము.

ఆ గోడలలో కొన్ని పరాయివారు కట్టినవి. బొంబాయిలోని బ్రీచ్ క్యాండీ ఈతకొలనులో, స్వరాజ్యము వచ్చిన పిదప కూడ కొన్నేండ్లవరకు, భారతీయునకు ప్రవేశము లేకుండెను. దానికి మనము మండిపడితిమి, మండిపడవలసినదే. కాని మన గోడల సంగతి యేమి? 1927లో మహద్ పట్టణమున చవదార్ చెరువునీటిని త్రాగు హక్కు కొరకై అంబేద్కరు వేలాది జనులతో నడచిపోవలసి వచ్చెను. త్రాగుటకే దిగనీయని చెరువులో ఈదుటకు దిగనిచ్చిన వారెవరు? తరతరములుగ నీటికి దూరముగ నుంచిన జనులకు నీటి భయముండుట సహజము. ఆ భయమును వారి దోషమని యనుట అన్యాయము.

ఇచట ఒక యాక్షేపణ రావచ్చును. ఏరు కాలువ గాదు. ఇసుక త్రవ్విన గోతులున్నవి, సుడులున్నవి, కొండలలో వాన పడినచో క్షణములో వరద దిగును. పిల్లలను ఏటిలోనికి దింపుమని చెప్పుట బాధ్యతగల పని యగునా? ఈ యాక్షేపణ న్యాయమైనది. మా ప్రత్యుత్తరమేమనగా, పిల్లలు ఇప్పుడును దిగుచునే యున్నారు. మనము వలదన్నంత మాత్రమున మానలేదు. గురువు లేకుండ దిగుచున్నారు, అంతియే భేదము. బంగ్లాదేశమున పల్లెచెరువులలో వెదురుబొంగులతో వేదికలు కట్టి, లోతును హద్దుపరచి, ఆ పల్లెలలోని స్త్రీపురుషులకే శిక్షణనిచ్చి, వారిచేత చిన్నపిల్లలకు ఈత నేర్పించుచున్నారు. అది మనకంటె ధనిక దేశము గాదు. జపానులో 1955వ సంవత్సరమున ఓడ మునిగి విహారయాత్రకు పోవుచున్న బడిపిల్లలనేకులు చనిపోయిరి. ఆ వేసవిలోనే త్సు అను పట్టణమున ఈత పాఠమునకు సముద్రమున దిగిన 36 మంది బాలికలు మునిగిపోయిరి. ఆ దేశము ఈతను నిషేధింపలేదు. బడిబడికి కొలను కట్టించి, నేర్పుటను మరింత పట్టుదలతో సాగించెను. దుఃఖమునుండి పాఠము నేర్చుకొను జాతికిని, దుఃఖమును దినవారములతో ముగించు జాతికిని భేదమిట్టిది.

సాలూరులో నేమి చేయవచ్చును? ఈ ఊరు లారీల ఊరని పేరు పొందినది. ఇచటి కుర్రవాడు క్లీనరుగ లారీ యెక్కును. డ్రైవరు ప్రక్కన కూర్చుండి ఘాటురోడ్డు మలుపులను కంటితో నేర్చుకొనును. కొన్నేండ్లకు తానే చక్రము పట్టి కొరాపుట్టు కొండలు దాటును. ఆ విద్యకు భవనము కట్టినవారు లేరు. ఒకరి ప్రక్కన నొకరు కూర్చుండుటచే అది తరతరములుగ సాగుచున్నది. ఈతయు నిట్లే సాగవలయును. మన పల్లెలలో అరటిబోదె పట్టుకొని, ఎండిన సొరకాయ బుర్ర నడుమునకు కట్టుకొని యీత నేర్చిన పెద్దలు నేటికిని కలరు. వారిలో ఓపిక గలవారిని నలుగురిని ఎన్నుకొనుడు. వైద్యునిచేత ప్రథమ చికిత్సయు, ఊపిరి పోయు విధానమును వారికి నేర్పింపుడు. పురపాలక సంఘము వారికి జీతము నిర్ణయింపవలయును. ఊరక చేయు సేవ రెండవ వేసవికి నిలువదు. వరదలు తీసిన పిదప, నీరు తేటపడిన కాలమున, నడుములోతు మించని తావును చూచి త్రాళ్లతో హద్దు కట్టవలయును. బాలికలకు వేరు వేళయు, స్త్రీ గురువును ఉండవలయును. గిరిజన వసతిగృహముల పిల్లలకు తొలిపంక్తిలో చోటుండవలయును.

నేర్పవలసినదియు ఎక్కువ లేదు. భయపడక వెల్లకిల తేలుట; ఊపిరి నిలుపుకొనుట; ఇరువది యైదు మీటర్లు ఈది గట్టు చేరుట; లోతు తెలియని నీటిలో తలక్రిందుగ దుముకకుండుట, ఏలయన అట్లు దుమికి మెడ విరిగినవారి కథలు మనమెరుగుదుము. వీటన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి: మునుగుచున్నవానికై తాను దుముకక, పంచెయో, వెదురుగడయో, త్రాడో విసరి లాగుట. తమ్ముని రక్షింపబోయి అన్నయు, బిడ్డను పట్టబోయి తండ్రియు మునిగిపోయిన ఉదంతములను శవపంచాయతీ కాగితములలో మేమెన్నిటినో చదివితిమి. ఈ యొక్క పాఠము ఊరందరికి తెలిసినచో రెండు శవములు లేచు చోట ఒక్కటియు లేవకపోవచ్చును.

ఈ పంక్తులను పఠనమందిరమున కూర్చుండి చదువుచున్న సోదరులకు మా విన్నపమిది. కొలను కొరకు అర్జీ వ్రాయదలచినచో వ్రాయుడు. మేమును చేవ్రాలు చేయుదుము. కాని ఆ యర్జీకి జవాబు వచ్చువరకు పిల్లవాడు గట్టున కూర్చుండడు. మీ యింటి బిడ్డకు ఈత వచ్చునా యని ఈ సాయంకాలమే అడుగుడు. రానిచో, ఊరిలో ఈత వచ్చిన పెద్ద యెవరో విచారింపుడు. ఆయన యొద్దకు పోయి, అయ్యా, మా పిల్లలతో గట్టునకు రండని పిలువుడు. ప్రపంచవిజేతలను తీర్చిన యొక పంతులు కథ అంతకంటె పెద్దగ నారంభము కాలేదు. ఈ పిల్లల పూచీ నాది యని యొకడు గట్టున నిలిచెను. వేగావతి గట్టున అట్లు నిలుచువాడెవ్వడు?